పింఛను పోతుందని చెక్కు వద్దన్న వీరలక్ష్మి

“నాకొద్దండి ఆ చెక్కు. మీరెన్ని చెప్పినా వద్దు.”

“వద్దంటే ఎవరికిమ్మంటావు? కొల్లేట్లో కలపమంటావా?”

“మీరే తీసుకోండి మేస్త్రమ్మ గారూ. నా పేరు చెప్పుకుని మీరైనా సుఖపడండి.”

“నా చెక్కు నాకుంది. ఇన్నేళ్ళు ఐసులో చేతులు పెట్టి పని చేసింది నువ్వు. ఆ డబ్బు కాలదన్నుకుంటే నిన్ను తెలివైనదంటారా ఎవరైనా?”

“తెలివుండబట్టే వద్దంటున్నానండి. చెక్కు ఒక్కసారి వస్తుంది. పింఛను నెలనెలా వస్తుంది. బియ్యం నెలనెలా వస్తాయి. సత్యవతి చెక్కు తీసుకుంది, కార్డు ఊడింది. మీ కళ్ళ ముందే కదండీ జరిగింది?”

“సత్యవతి సంగతి నీకు సగమే తెలుసు.”

“ఆ సగం చాలండి నాకు.”

ఇది వీరలక్ష్మి ఇంటి అరుగు మీద, నెలాఖరు రోజు మధ్యాహ్నం దాటాక, మా ఇద్దరికీ జరిగిన పోట్లాట. మర్నాడు ఒకటో తారీకు. మా రొయ్యల ఫ్యాక్టరీలో ఆడవాళ్ళ షెడ్డు మూసేసి అప్పటికి నెల దాటింది. పని పోయినందుకు ఇచ్చే పరిహారం చెక్కులు మర్నాడు పొద్దున్న ఆఫీసులో పంచుతామని, తీసుకెళ్ళడానికి పాత వ్యానే పంపిస్తామని అన్నారు. రానివాళ్ళవి ఏలూరు లేబరాఫీసుకి పంపించేస్తారట, కావలసినవాళ్ళు అక్కడ తిరిగి తెచ్చుకోవాలట. వీరలక్ష్మి భర్త పోయిన మనిషి. ఆ ఇల్లు మూడింటి మీద నడిచేది: షెడ్డు కూలి, వితంతు పింఛను, రేషను బియ్యం. కూలి పోయింది. చెక్కు ముట్టుకుంటే మిగతా రెండూ పోతాయని ఆవిడ భయం.

ఆ భయం ఎక్కణ్ణించి వచ్చిందో తెలియాలంటే ముందు మా పని ఏమిటో తెలియాలి.

మేస్త్రి పని

మా ఫ్యాక్టరీ ఏలూరు నించి కైకలూరు వెళ్ళే రోడ్డు మీద ఉండేది. అందులో ఆడవాళ్ళ మేస్త్రిగా చేసి, షెడ్డుతో పాటే నేనూ ఇంటికొచ్చాను. నా చదువు నాలుగో తరగతి. అదీ మిషను బళ్ళో, టీచరమ్మ గారి బెత్తం ఎంతవరకు చెప్పగలిగిందో అంతవరకే. ఇది చెప్పమన్నది మా పక్క వీధి పిల్ల. డిగ్రీ అయ్యింది, ఇంకో ఫ్యాక్టరీలో సూపర్‌వైజరుగా చేరబోతోంది. “ట్రైనింగులో చెప్పనివి మీరు చెప్పండి బామ్మ గారూ, ఫోన్లో రికార్డు చేసుకుంటాను” అంది. మాట్లాడితే నాకు దగ్గొస్తుంది, దగ్గు మందు ఖరీదు. సిరా చవక. అందుకని రాస్తున్నాను.

మేస్త్రి అంటే అరిచే మనిషి అనుకుంటారు. అరవడం పనిలో చిన్న భాగం. పొద్దున్నే వ్యాను ఊరూరా తిరిగి ఆడవాళ్ళని తెస్తుంది. ఎవరు ఎక్కారో, ఎవరు ఎక్కలేదో, ఎక్కని మనిషి ఎందుకు ఎక్కలేదో నాకు తెలియాలి. లోపలికి వచ్చాక గాజులు, పూలు, ముక్కుపుడకలు తీయించాలి. టోపీ, ఏప్రాను, గమ్‌బూట్లు వేయించాలి. క్లోరిన్ నీళ్ళలో చేతులు ముంచించాలి. అప్పుడు ఐసులో పెట్టిన వనామీ రొయ్యలు ట్రేలకి ట్రేలు బల్లల మీదికొస్తాయి. తల తీయాలి, పొట్టు ఒలవాలి, వీపు మీద నల్ల నరం లాగాలి. కూలి కిలో లెక్కన. అందుకని ఎవరి నోళ్ళు ఎలా ఉన్నా చేతులు ఆగవు. నోళ్ళు కూడా ఆగవనుకోండి. మాట్లాడొద్దని గోడ మీద బోర్డు ఉండేది. మా షెడ్డులో సగం మందికి చదువు రాదు కాబట్టి ఆ బోర్డు వల్ల పెద్ద ఇబ్బంది కలగలేదు.

కొత్తగా చేరే అమ్మాయిలూ, మీకు కంప్యూటర్లో గ్రేడింగు చూపిస్తారు, ఉష్ణోగ్రతలు చూపిస్తారు. బల్ల దగ్గర నిలబడ్డ మనిషి ఇంటి సంగతి చూపించరు. అది మీరే కనుక్కోవాలి. కనుక్కోకపోతే రొయ్యలు ఎందుకు ఆలస్యమయ్యాయో మీకు ఎప్పటికీ తెలీదు.

వేళ్ళ సెలవు

చేతులకి గ్లవ్స్ ఇస్తారు. కాని నరం గోటితో లాగాలి, గ్లవ్ కొస అడ్డం వస్తుంది. అందుకని మా ఆడవాళ్ళు బొటనవేలికీ చూపుడువేలికీ కొసలు కత్తిరించుకునేవారు. ఇన్‌స్పెక్షను వాళ్ళొచ్చిన రోజు కొత్త గ్లవ్స్, వాళ్ళు వెళ్ళగానే కత్తెర. ఐసు, క్లోరిను, రొయ్య పొట్టు, ఈ మూడూ ఆ రెండు వేళ్ళనీ నున్నగా అరగదీసేవి. కొన్నేళ్ళకి వాటి మీద గీతలనేవే ఉండవు.

ఆ రోజుల్లో దానివల్ల ఎవరికీ నష్టం లేదు. పింఛనుకి వేలిముద్ర మిషను వచ్చింది, అప్పుడు మొదలైంది బాధ. వీరలక్ష్మి వేలు పెడుతుంది, మిషను ఒప్పుకోదు. ఇంకో వేలు పెడుతుంది, ఒప్పుకోదు. “మీరు మీరేనాండీ?” అని మిషను పట్టుకొచ్చిన పిల్లాడు అడిగాడట. “నేను కాకపోతే మా ఆయన తిరిగొచ్చాడా?” అందట ఈవిడ. వరసగా కొన్ని నెలలు ముద్ర పడకపోయేసరికి మనిషి ఊళ్ళో ఉండటంలేదని పేరు తీసేశారు. రోజూ ఊళ్ళోనే ఉండి, రోజూ అదే దారిలో వ్యానెక్కే మనిషిని ఊళ్ళో లేదన్నారు. ఆ పేరు మళ్ళీ ఎక్కించుకోడానికి కూలి పోగొట్టుకుని ఎన్నాళ్ళు తిరిగిందో నాకు తెలుసు. ఇప్పుడు కంటి మిషను ఉంది, ముఖం ఫొటో ఉంది. అప్పుడు వేలే దిక్కు.

అప్పణ్ణించి మా షెడ్డులో ఒక ఆచారం పెట్టాను. పింఛనిచ్చే ఒకటో తారీకు ముందు నాలుగు రోజులు పింఛనుండే ఆడవాళ్ళని ఒలిచే బల్ల దగ్గర పెట్టను. తూకం దగ్గరో, ట్రేలు మోసే దగ్గరో పెడతాను. వాళ్ళు రాత్రి కొబ్బరినూనె రాసుకుని వేళ్ళు కాపాడుకుంటారు. దీన్ని మేం వేళ్ళ సెలవు అనేవాళ్ళం.

అప్పటి మేనేజరు గారు మంచివారే. కాకపోతే ఆయనకి లోకంలో రొయ్య తప్ప ఇంకోటి కనపడదు.

“ఏమ్మా, నెలాఖరొస్తే ఈ ఏడుగురికీ ఒకేసారి వేళ్ళు నొప్పొస్తాయా?” అన్నారు.

“నొప్పి కాదండి. మొలవాలి.”

“ఏం మొలవాలి?”

“వేళ్ళండి.”

ఆయన, ఈవిడకి ఎండ దెబ్బ తగిలిందనుకుని వెళ్ళిపోయారు. తర్వాత కొన్నాళ్ళకి ఆయనే హాజరుకి వేలిముద్ర మిషను తెప్పించి గేటు దగ్గర బిగించారు. మొదటి రోజు ఒక్కరి వేలూ పడలేదు. పొద్దున్నే రొయ్యల లారీ వచ్చి ఉంది, ఐసు కరుగుతోంది, ఆడవాళ్ళు గేటు బయట వరసగా నిలబడి వేళ్ళు తుడుచుకుంటున్నారు. చివరికి తలుపు తీసి లోపలికి పంపించారు. మిషను లెక్కలో ఆ రోజు షెడ్డులో ఎవరూ లేరు. రొయ్యలు మాత్రం వాటంతటవే తలలు తీసుకుని ట్రేల్లో పడుకున్నాయి. సాయంత్రం మేనేజరు గారు నన్ను పిలిచి, “ఆ వేళ్ళ సెలవు కొనసాగించమ్మా” అన్నారు. మిషను ఊడదీయించి దాని మేకుకి క్యాలెండరు తగిలించారు. పై అధికారి ఒక్కసారి తన పని ఆగితే అర్థం చేసుకుంటాడు. అప్పటిదాకా మీరు ఎంత చెప్పినా ఎండ దెబ్బే.

సత్యవతి, మంగతాయారు

మా షెడ్డుకన్నా చాలా ముందే రాత్రి షిఫ్టుని మూసేశారు. ఆ ఆడవాళ్ళకి అప్పుడే పరిహారం చెక్కులిచ్చారు. వాళ్ళలో ఇద్దరి కథలు మా వ్యానులో రోజూ తిరిగేవి. వ్యానులో కథ రోజుకో ఊరు పెరుగుతుంది. కొల్లేరు దగ్గర ఎక్కేటప్పుడు చిన్నదిగా ఉంటుంది, గేటు దగ్గర దిగేటప్పటికి దానికి కొమ్ములుంటాయి.

సత్యవతిది తాడేపల్లిగూడెం వైపు. చెక్కు తీసుకుంది. ఏడాది తిరక్కుండా బియ్యం కార్డు పోయింది. చెక్కు తీసుకుంటే కార్డు పోతుందని అందరూ తేల్చేశారు. నేను ఒక పెళ్ళిలో సత్యవతిని పక్కన కూర్చోబెట్టుకుని నిదానంగా అడిగాను. జరిగింది ఇది. వాళ్ళాయనకి కొట్టు పెట్టుకోడానికి బ్యాంకు లోను కావాలి. గూడెంలో ఎవరో తెలిసినాయన సలహా చెప్పాడు: ఆవిడ పేరు మీద పెద్ద ఆదాయం ఉన్నట్టు చూపించి ఇన్‌కంటాక్సు రిటర్ను వేస్తే బ్యాంకువాళ్ళు లేచి కుర్చీ వేస్తారని. ఈయన వేయించాడు. లేని కుట్టుమిషను వ్యాపారం ఒకటి రాయించాడు. కాగితానికి బరువుండాలని కొంచెం పన్ను కూడా కట్టాడు. బ్యాంకు లోను ఇవ్వలేదు. కార్డులు చూసే కంప్యూటరు మాత్రం, ఈ ఇంట్లో పన్ను కట్టేవాళ్ళున్నారని కార్డు తీసేసింది.

“మరి చెక్కు వల్ల పోయిందని ఎందుకు చెప్పావు?” అన్నాను.

“మా ఆయన వల్ల పోయిందని చెప్పుకోమంటారా అక్క గారూ?” అంది.

అదీ మిగతా సగం.

మంగతాయారుది ఉంగుటూరు పక్క పల్లె. రాత్రి షిఫ్టుకి మారకముందు మా షెడ్డులో పదహారు డిగ్రీల చలిలో వణుకుతూ, వేడి టీ కోసం నా ప్రాణం తీసిన మనిషి. పరిహారం రాగానే మొదట ఏం కొందనుకున్నారు? ఏసీ కొంది. జీతమిచ్చి పెట్టిన చలి చాల్లేదు, డబ్బిచ్చి చలి తెచ్చుకుంది. వేసవిలో ఒక నెల కరెంటు మూడొందల యూనిట్లు దాటింది. మూడొందలు దాటితే కార్డు పోతుందని పక్కింటావిడ చెప్పింది. ఇక మంగతాయారు ఏసీకి పాత చీర ముసుగేసి, దాని కిందే చాప వేసుకుని, విసనకర్రతో విసురుకుంటూ పడుకుంది. ఒక్క నెల చూడరని, ఏడాది మొత్తం మీద సగటు చూస్తారని తర్వాత తెలిసింది. తెలిసినా ముసుగు తీయలేదట. చీర ఆ గోడకి బాగుందట.

ఇక్కడ నా మాట ఒకటి వినండి. చెక్కు ఇచ్చేవాళ్ళు ఎంత ఇస్తున్నారో చెప్తారు. అది ఇంట్లోకి వెళ్ళాక ఏమేం కదులుతాయో చెప్పరు. మా ఆఫీసులో కొత్తగా వచ్చిన హెచ్ఆర్ కుర్రాయన్ని నేను అడిగాను. “బాబు గారూ, ఈ డబ్బు తీసుకుంటే మావాళ్ళ పింఛన్లకి ఏమైనా అవుతుందా?” అన్నాను. “అది మా డిపార్టుమెంటు కాదండి” అన్నారు. ఆ మాటలో తప్పు లేదు, ఆయనది కాదు. అయితే ఎవరిది అని అడిగి ఒక్క ఫోను చేసి ఉంటే, ఆ వ్యానులో అంత కథ పుట్టేది కాదు. మీరు సూపర్‌వైజర్లు అయ్యాక ఆ ఒక్క ఫోను చేయండి. దానికి ప్రమోషను రాదు, చేయండి.

సచివాలయం బెంచీ

మళ్ళీ వీరలక్ష్మి అరుగు దగ్గరికి వస్తాను.

సత్యవతి సంగతి మొత్తం చెప్పాను. వింది. “అయినా వద్దండి” అంది. ఇక నోటితో పని కాదని లేచాను.

“చెప్పులేసుకో.”

“ఎక్కడికండి?”

“మీ ఊరి సచివాలయానికి. పింఛను ఇచ్చేవాళ్ళనే అడుగుదాం.”

“అడిగితే వాళ్ళకి తెలిసిపోదాండి, నాకు డబ్బొస్తోందని?”

“తెలిస్తే ఏమవుతుందో తెలుసుకోడానికే వెళ్తున్నాం. నడు.”

దారంతా చేపల చెరువు గట్టు. ఆవిడ నా వెనక నడుస్తూ, తన పేరు చెప్పొద్దని, తెలిసినావిడ కోసం అడుగుతున్నట్టు అడగమని బతిమాలింది. సరేనన్నాను.

సచివాలయంలో పింఛన్లు చూసే వెల్ఫేర్ అసిస్టెంటు హారిక గారని చిన్నపిల్ల. మర్నాటి పంపకానికి సిద్ధం చేసుకుంటోంది. నేను అనుకున్నట్టే మొదలుపెట్టాను.

“అమ్మా, మాకు తెలిసినావిడ ఒకావిడ. వితంతు పింఛను వస్తుంది. ఫ్యాక్టరీ పని పోయి పరిహారం చెక్కు వస్తోంది. తీసుకుంటే పింఛను పోతుందా?”

హారిక గారు వీరలక్ష్మి వైపు చూసి నవ్వింది. “ఆ తెలిసినావిణ్ణి కూర్చోమనండి పెద్దమ్మ గారూ, ఎంతసేపు నిలబడతారు” అంది.

కూర్చున్నాక చెప్పింది. “మేం చూసేది నెలనెలా వచ్చే ఆదాయమండి. పని పోయినందుకు ఒక్కసారి ఇచ్చిన డబ్బు నెల ఆదాయం కాదు. అది తీసుకున్నందుకు పింఛను తీసేయరు, కార్డూ తీసేయరు. బ్యాంకులో వేసుకోండి, మీ పేరు మీదే వేసుకోండి. దాచిపెట్టాలని ఇంకొకళ్ళ పేరు మీద వేయకండి. వడ్డీ మీద పన్ను కోయకుండా బ్యాంకులో ఒక కాగితం ఇస్తారు, అది అడిగి నింపి ఇవ్వండి. లేని ఆదాయం చూపించి ఎవరూ రిటర్నులు వేయకుండా చూసుకోండి.”

“అయితే దేనికి పోతాయమ్మా?” అన్నాను.

“డబ్బుతో ఏం చేస్తారో దానికి పోతాయండి. ఇంట్లో ఎవరైనా పన్ను కట్టే మనిషైతే పోతాయి. పొలం పరిమితి దాటితే పోతాయి. కరెంటు ఏడాది సగటు దాటితే పోతాయి. సొంతానికి నాలుగు చక్రాల బండి కొంటే పోతాయి. కార్డులో ఉన్నవాళ్ళలో ఎవరి పేరు మీద కొన్నా ఒకటే. ట్యాక్సీ, ఆటో, ట్రాక్టరు అయితే ఫర్వాలేదు, అవి బతుకుతెరువు కాబట్టి. ఇవాళ్టికి రూలు ఇదండి. మారితే నేనే వచ్చి చెప్తాను.”

నేను వీరలక్ష్మి వైపు తిరిగాను, ఇప్పుడేమంటావన్నట్టు. ఆవిడ మొహంలో సంతోషం లేదు. నాలుగు చక్రాల బండి అన్న దగ్గరే ఆగిపోయింది.

బయటికొచ్చి గట్టెక్కాక అడిగాను. “ఏమిటి సంగతి?”

“మావాడు గూడెంలో కారుకి అడ్వాన్సు ఇచ్చాడండి. నా పేరు మీద.”

వాళ్ళబ్బాయి దుర్గారావు తాడేపల్లిగూడెంలో ఒక షావుకారు గారి కారు నడుపుతాడు. సొంత కారు మీద మనసు పడ్డాడు. మోటారు సైకిలు వాయిదాలు ఎగ్గొట్టినందువల్ల వాడి పేరు మీద లోను రాదు. అందుకని అమ్మ పేరు, అమ్మ చెక్కు.

“పింఛను పోతుందన్నావు, కార్డు పోతుందన్నావు. ఇదా అసలు సంగతి?” అన్నాను.

“అదీ నిజమేనండి, ఇదీ నిజమేనండి. చెక్కే లేకపోతే కారు లేదు కదండీ. వాడితో నేను వద్దని చెప్పక్కర్లేదు.”

కొడుక్కి వద్దని చెప్పలేక చెక్కుకి వద్దని చెప్పింది. ఇన్నేళ్ళు నా బల్ల ముందు నిలబడ్డ మనిషి. నేను ఎంత అరిచినా ఒక్క రొయ్య తొందరపడి ఒలవని మనిషి. ఇంట్లో ఇంత మెత్తన.

దుర్గారావు బోర్డు

మేం ఇంటికొచ్చేసరికి దుర్గారావు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. నేను చీర కొంగు దోపుకుని ఎదురుగా కూర్చున్నాను. సచివాలయంలో విన్నది విన్నట్టు చెప్పాను.

“ఒక్క కారుకి అన్నీ తీసేస్తారాండి పెద్దమ్మా? ఇప్పుడు కారు ఎవరికి లేదండి?”

“నాకు లేదు. మీ అమ్మకి లేదు. నడిచొచ్చాం.”

“మా అమ్మని కూర్చోబెట్టి తిప్పుదామనేనండి నా తాపత్రయం.”

“ఎక్కడికి తిప్పుతావు? రేషను షాపుకా? కార్డు పోయాక అక్కడికి పని లేదు.”

వాడు నవ్వాడు. చెడ్డవాడు కాదు. పరాయి కారు తుడిచి తుడిచి, తనదొకటి తుడుచుకోవాలని ఆశ.

“కారే కావాలంటే ట్యాక్సీగా తీసుకో. పసుపు నంబరు బోర్డు పెట్టు. నీకు వచ్చిన పనే కదా, కిరాయికి నడుపు. దానికి కార్డు పోదట” అన్నాను.

“పసుపు బోర్డు బండిలో పెళ్ళిచూపులకి వెళ్తే పిల్లనెవరిస్తారండి?”

“నిన్ను చూసేవాళ్ళైతే నీకిస్తారు. బోర్డు చూసేవాళ్ళైతే బోర్డుకే ఇచ్చి చేస్తారు. అలాంటి మామగారు నీకెందుకు?”

“మీరన్నీ తేలిగ్గా చెప్తారండి.”

“తేలిగ్గానే ఉంటుంది బాబూ, అవతలివాళ్ళ చెక్కు కాబట్టి. నీకూ అంతే తేలిగ్గా ఉంది.”

ఆ మాట వాడికి తగిలింది. లేచాడు. అప్పుడు వీరలక్ష్మి, అప్పటిదాకా గుమ్మానికి ఆనుకుని నిలబడ్డ మనిషి, గొంతు పెంచకుండా అంది. “నా పేరు మీద కారొద్దురా. నా వేలు పడని రోజుల్లో నేను ఎక్కడెక్కడ తిరిగానో నువ్వు చూళ్ళేదు. అప్పుడు బళ్ళో చదువుకుంటున్నావు. మళ్ళీ తిరగలేను.”

దుర్గారావు బండి స్టార్టు చేసుకుని గట్టు మీదికి వెళ్ళిపోయాడు. వీరలక్ష్మి అన్నం పొయ్యి మీద పెట్టింది. రేపు వ్యాను దగ్గరికి వస్తావా అని నేను అడగలేదు. ఒక రోజులో ఒక మనిషి చేత రెండుసార్లు గట్టిగా మాట్లాడించకూడదు. ఇది కూడా ట్రైనింగులో చెప్పరు. నేను ఊరికే, “పొద్దున్న ఇటే వస్తాను, మీ ఊళ్ళో ఎక్కుతాను. మా ఊరి నించి ఆటోకి ఇరవై రూపాయలు దండగే అయినా” అన్నాను.

ఒకటో తారీకు పొద్దున్న

నేను వెళ్ళేసరికి పూర్తిగా తెల్లవారింది. వీరలక్ష్మి స్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని అరుగు మీద కూర్చుంది. వేళ్ళకి కొబ్బరినూనె రాసి తుడుచుకుంది. అది అలవాటు. రాత్రి తిరిగొచ్చిన దుర్గారావు నూతి దగ్గర మొహం కడుక్కుంటున్నాడు. నన్ను చూసి తల ఊపాడు.

హారిక గారు వచ్చింది. భుజానికి సంచీ, చేతిలో మిషను. వీరలక్ష్మి కుడి బొటనవేలు పెట్టింది. పెడుతూనే ఎడమ చెయ్యి కూడా సిద్ధంగా పట్టుకుంది, అదీ పడకపోతే కన్ను చూపించడానికి కళ్ళజోడు తీసి పక్కన పెట్టుకుంది.

మిషను కీచుమంది.

“పడిందండి” అంది హారిక గారు.

“ఇంకోసారి చూడండమ్మా.”

“ఒక్కసారి పడితే చాలండి. స్పష్టంగా పడింది.”

మొదటిసారికే పడటం ఆవిడకి ఎరుకలో లేదు. నెల పైన రోజులైంది ఐసు ముట్టుకోక, పొట్టు ఒలవక. వేళ్ళు మళ్ళీ మొలిచాయి. వీరలక్ష్మి బొటనవేలు మొహం దగ్గరికి తెచ్చుకుని చూసుకుంది. నేను కూడా నాది చూసుకున్నాను. నేను ఒలిచే బల్ల వదిలి చాలా ఏళ్ళయింది కాబట్టి నాకెప్పుడో వచ్చేశాయి, చూసుకోలేదంతే.

హారిక గారు పింఛను చేతిలో పెట్టి, “మళ్ళీ ఒకటో తారీకు వస్తానండి” అని పక్కింటికి వెళ్ళింది.

రోడ్డు మీద వ్యాను హారను వినిపించింది. వీరలక్ష్మి పింఛను డబ్బు బియ్యం డబ్బా మూత కింద పెట్టి, కళ్ళజోడు పెట్టుకుని, చెప్పులేసుకుంది. దుర్గారావు తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ వచ్చాడు.

“పసుపు బోర్డుకి కాగితాలు ఏం కావాలో కనుక్కుంటానమ్మా” అన్నాడు.

“కనుక్కో” అంది. “ముందు చెక్కు నా పేరు మీద పడనీ.”

వ్యానెక్కింది. ఆఫీసులో హెచ్ఆర్ కుర్రాయన అలవాటు కొద్దీ వేలిముద్ర వేయమని సిరా డబ్బా ముందుకు తోశారు. వీరలక్ష్మి దాన్ని పక్కకి జరిపి, పెన్ను అడిగి, నిదానంగా సంతకం పెట్టింది. చెక్కు తీసుకుంది. తిరుగు దారిలో బ్యాంకు దగ్గర వ్యాను ఆపించాను. నేను బయట నీడలో నిలబడ్డాను. ఆవిడ ఒక్కతే లోపలికి వెళ్ళింది.